గ్రాఫిక్స్ కార్డు మెమరీ: లోపం సైజులోనా, స్పీడులోనా? తేల్చుకుని సరిచేసుకునే పూర్తి పద్ధతి

"8 జీబీ చాలుతుందా, 16 జీబీ తీసుకోవాలా?" అని ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఇప్పుడున్న కార్డులో మెమరీ నిండిపోతోందా, నిండకుండానే నెమ్మదిస్తోందా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. కొలిచి చూడరు కాబట్టి.

కార్డు మెమరీలో చూడాల్సినవి రెండు. ఎంత పడుతుందన్నది సైజు. పట్టినదాన్ని గ్రాఫిక్స్ చిప్‌కి (జీపీయూకి) ఎంత వేగంగా అందిస్తుందన్నది స్పీడు, అంటే బ్యాండ్‌విడ్త్. సైజు చాలినంతవరకు ఎంత మిగిలినా సెకనుకు వచ్చే ఫ్రేముల్లో (తెర మీద మారే బొమ్మల్లో) ఒక్కటి కూడా పెరగదు. చాలకపోతే మాత్రం గేమ్ ఉన్నట్టుండి కుదుపులతో ఆగి ఆగి నడుస్తుంది. స్పీడు అలా కాదు. అది తగ్గిన కొద్దీ ఫ్రేములు కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతాయి. జబ్బులు రెండు కాబట్టి మందులూ వేరు. ముందు ఏ జబ్బో తేల్చుకోవాలి.

1. మీ కార్డు వివరాలు రాసుకోండి

జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే మొదటి పేజీలోనే కావాల్సినవన్నీ ఉంటాయి. వీటిని ఒక కాగితం మీద రాసుకోండి:

- మెమరీ సైజు
- మెమరీ రకం: డీడీఆర్4, జీడీడీఆర్5, జీడీడీఆర్6, జీడీడీఆర్6ఎక్స్, జీడీడీఆర్7 వంటివి
- బస్ విడ్త్ (చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు): 64, 128, 192, 256 బిట్లు, ఇలా
- బ్యాండ్‌విడ్త్: సెకనుకు ఎన్ని గిగాబైట్లు
- బస్ ఇంటర్‌ఫేస్ (కార్డుని మదర్‌బోర్డుకి కలిపే దారి): పీసీఐఈ ఏ తరం, ఎన్ని లేన్లు (డేటా నడిచే వరసలు)

బ్యాండ్‌విడ్త్ లెక్క మీరే వేసుకోవచ్చు. బస్ విడ్త్‌ని 8తో భాగించి, ఒక్కో పిన్ను (బస్‌లో ఒక్కో బిట్టు దారి) సెకనుకు పంపే గిగాబిట్లతో గుణించండి. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డుకి బస్ 192 బిట్లు, పిన్ను వేగం 15 గిగాబిట్లు. 24 × 15 = సెకనుకు 360 గిగాబైట్లు. తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060కి 128 బిట్లు, 17 గిగాబిట్లు. 16 × 17 = 272. పిన్ను వేగం పెరిగినా బస్ సన్నబడటంతో మొత్తం తగ్గింది. అందుకే "జీడీడీఆర్6 కదా, ఫాస్టే" అనుకుంటే సరిపోదు.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. ఒకే మెమరీ వేగాన్ని వేర్వేరు ప్రోగ్రాములు వేర్వేరు అంకెల్లో చూపిస్తాయి. 14 గిగాబిట్ల జీడీడీఆర్6ని జీపీయూ-జెడ్ 1750 మెగాహెర్ట్జ్ అంటుంది. ఎన్విడియా కార్డు మీద ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వేగాలు చూపించే, మార్చే ప్రోగ్రామ్) దాన్నే 7000 అని చూపిస్తుంది. మొదటిదాన్ని 8తో, రెండోదాన్ని 2తో గుణిస్తే రెండూ 14,000కే వస్తాయి. ఎవరైనా "మెమరీ మీద 800 పెంచాను" అంటే ఏ ప్రోగ్రాములోని 800 అని అడగండి.

2. కార్డు పేరు ఒక్కటే చూసి నమ్మకండి

ఒకే పేరుతో, లోపల వేరే మెమరీతో కార్డులు వస్తుంటాయి.

- జీటీ 1030 జీడీడీఆర్5 రకానికి సెకనుకు 48 గిగాబైట్లు. డీడీఆర్4 రకానికి 17 కూడా ఉండదు. రెండింటి మీదా ఉన్న పేరు ఒకటే.
- జీటీఎక్స్ 1650కి జీడీడీఆర్5తో 128, జీడీడీఆర్6తో 192.
- ఆర్‌టీఎక్స్ 3060కి 12 జీబీ రకంలో 360, 8 జీబీ రకంలో 240. ఇక్కడ సైజుతో పాటు బస్ కూడా 128 బిట్లకి కుదించారు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్ అడగకుండా డబ్బు ఇవ్వకండి.

3. మెమరీ దేనితో నిండుతుంది, నిండితే ఏమవుతుంది

"నాది 1080పీ మానిటరే, మెమరీ ఎక్కువ అక్కర్లేదు" అనే మాటలో సగమే నిజం. 4కే తెరకి ఒక్క ఫ్రేము లెక్క చూడండి. 3840 × 2160 అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు, పిక్సెల్‌కి 4 బైట్లు, మొత్తం 33 మెగాబైట్లు. గేమ్ లోపల ఇలాంటి బఫర్లు (బొమ్మని తాత్కాలికంగా ఉంచే చోట్లు) చాలానే ఉంటాయి. అయినా మెమరీని అసలు నింపేది తెర కాదు, టెక్స్చర్లు, అంటే గేమ్‌లోని గోడలు, నేల వంటి ఆకారాల మీద అతికించే బొమ్మలు.

4096 × 4096 సైజు టెక్స్చర్ కంప్రెస్ చేయకుండా ఉంటే 64 మెగాబైట్లు. ఇప్పుడు ఎక్కువగా వాడే బీసీ7 పద్ధతిలో కంప్రెస్ చేస్తే 16. దూరంలో చూపించడానికి ఉంచే చిన్న కాపీలు కూడా కలిపితే సుమారు 21. ఇలాంటివి వంద లోడైతే 2 జీబీ దాటిపోయింది. మానిటర్ ఏదైనా టెక్స్చర్ సెట్టింగ్ అల్ట్రాలో ఉంటే గేమ్ వీటిని లోడ్ చేస్తూనే ఉంటుంది. అదే టెక్స్చర్‌ని 2048 × 2048కి దించితే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, 7వ భాగంలో పనికొస్తుంది.

మెమరీ నిండాక డ్రైవర్ కొంత డేటాని కంప్యూటర్ మామూలు ర్యామ్‌లోకి తోస్తుంది. కావాల్సినప్పుడు పీసీఐఈ దారిలో వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ దారి వెడల్పు ఎంత? ఆర్‌టీఎక్స్ 4060కి 8 లేన్లే. పీసీఐఈ 4.0 బోర్డు మీద సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు, 3.0 బోర్డు మీద 8. సొంత మెమరీ ఇచ్చే 272 పక్కన ఇది ఏ మూలకీ రాదు. గేమ్‌లో ఉన్నట్టుండి వచ్చే కుదుపులకి కారణం ఇదే.

4 లేన్లతో, 4 జీబీతో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఈ విషయంలో మరీ అన్యాయం. పాత 3.0 బోర్డులో పెడితే దారి 4 గిగాబైట్లకి పడిపోతుంది. ఉన్న 4 జీబీ త్వరగా నిండుతుంది, నిండాక తెచ్చుకునే దారీ సన్ననిది.

స్పీడు ఉంటే సైజు లోటు తీరుతుందా? తీరదు. 2015లో వచ్చిన రేడియన్ ఆర్9 ఫ్యూరీ ఎక్స్‌కి 4096 బిట్ల హెచ్‌బీఎం బస్, సెకనుకు 512 గిగాబైట్లు. అప్పటికి అది అద్భుతమైన వేగం. సైజు మాత్రం 4 జీబీ. నిండాక ఆ 512 దేనికీ అక్కరకు రాలేదు. దీనికి తలకిందులు జీటీ 730 లాంటి చిన్న కార్డుల్లో 4 జీబీ డీడీఆర్3 రకాలు. చోటు ఉంది గానీ, అంత డేటాని సమయానికి అందించే స్పీడు లేదు.

4. కొలిచే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఇక్కడ తొందరపడితే తర్వాతి పరీక్షలన్నీ వృథా.

- డ్రైవర్ అప్‌డేట్ చేసి కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.
- వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసేది), ఫ్రేమ్ లిమిట్, డైనమిక్ రిజల్యూషన్ ఆపేయండి. మూడోది మర్చిపోతే గేమ్ తనంతట తాను రిజల్యూషన్ మారుస్తూ మిమ్మల్ని మోసం చేస్తుంది.
- గేమ్‌లో బెంచ్‌మార్క్ ఉంటే అదే వాడండి. లేకపోతే ఒకే సేవ్ నుంచి ఒకే దారిలో నడవండి.
- కొలిచే ముందు కార్డు వేడెక్కేదాకా ఓ పది నిమిషాలు ఆడండి.
- ప్రతి కొలత మూడుసార్లు తీసి, మూడింటిలో పెద్దదీ చిన్నదీ కాని మధ్య అంకె తీసుకోండి.
- ఒక్కసారికి ఒక్క సెట్టింగే మార్చండి.

ఆఫ్టర్‌బర్నర్‌లో ఇవి తెర మీద కనపడేలా పెట్టుకోండి: సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు), 1 శాతం లో (1% low, అన్నింటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల ఎఫ్‌పీఎస్), ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ (ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయం), జీపీయూ యూసేజ్, గేమ్ ఒక్కటే వాడుతున్న డెడికేటెడ్ మెమరీ. చివరిది మానిటరింగ్ జాబితాలో "ప్రాసెస్" అని తోకతో ఉంటుంది. తోక లేనిది తీసుకుంటే బ్రౌజర్, డెస్క్‌టాప్ వాడకం కూడా అందులో కలిసిపోతుంది.

సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చూస్తే సైజు లోటు దొరకదు. సెకనులో 58 ఫ్రేములు సాఫీగా వచ్చి రెండు మాత్రం బాగా ఆలస్యమైతే సగటు అందంగానే ఉంటుంది, చూసే కంటికే నరకం. 1 శాతం లో, ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ ఆ రెండింటినీ పట్టిస్తాయి.

5. సైజు పరీక్ష

1) టెక్స్చర్లు మీరు మామూలుగా వాడే స్థాయిలోనే ఉంచి అరగంట ఆడండి. మెమరీ మెల్లగా నిండుతుంది కాబట్టి రెండు నిమిషాల బెంచ్‌మార్క్‌లో ఇది బయటపడకపోవచ్చు.

2) ఆడుతూండగా టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, తర్వాత జీపీయూ తెరవండి. డెడికేటెడ్ జీపీయూ మెమరీ, షేర్డ్ జీపీయూ మెమరీ అని రెండు గ్రాఫులు కనిపిస్తాయి.

3) డెడికేటెడ్ పైకప్పుకి తగిలి నిలిచిపోయిందా? అదే సమయంలో షేర్డ్ పెరుగుతూ పోతోందా? రెండూ జరుగుతుంటే మెమరీ పొంగి పొర్లుతోందన్నమాట. షేర్డ్‌లో కొన్ని వందల మెగాబైట్లు ఎప్పుడూ ఉండేవే, వాటికి టెన్షన్ పడనక్కర్లేదు.

4) ఇప్పుడు టెక్స్చర్లు మాత్రమే రెండు మెట్లు దించండి. గేమ్ పూర్తిగా మూసి మళ్ళీ తెరవండి. కొన్ని గేములు పాత టెక్స్చర్లని అప్పటికప్పుడు వదలవు.

5) అదే దారిలో మళ్ళీ కొలవండి.

1 శాతం లో బాగా పెరిగి కుదుపులు పోతే లోటు సైజుదే. ఏమీ మారకపోతే సైజు మీకు చాలుతోంది, 16 జీబీ కార్డు కొన్నా ఈ గేమ్‌లో మీకు ఒరిగేదేమీ లేదు.

ఒక మెలిక ఉంది. కొన్ని కొత్త గేములు మెమరీ చాలకపోయినా కుదుపులు రానివ్వవు. చడీచప్పుడు లేకుండా నాసిరకం టెక్స్చర్లు పెట్టేస్తాయి. ఎఫ్‌పీఎస్ బాగానే ఉంటుంది, గోడలూ నేలా మాత్రం మసకగా ఉంటాయి, లేదా దగ్గరికెళ్ళిన కొన్ని సెకన్లకి గానీ స్పష్టం కావు. కాబట్టి అంకెలతో పాటు తెరని కూడా చూడండి. రెండు సెట్టింగుల్లో ఒకే చోట నిలబడి స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన పెట్టుకుంటే తేడా దొరికిపోతుంది.

6. స్పీడు పరీక్ష

దీనికి నాకు బాగా నచ్చిన పద్ధతి మెమరీని పెంచడం కాదు, తగ్గించడం. పెంచితే ఎర్రర్లు వచ్చి ఫలితం కలుషితం కావచ్చు. తగ్గిస్తే కార్డుకి ఏ ప్రమాదమూ లేదు, లెక్క కూడా శుభ్రంగా వస్తుంది.

1) మెమరీ సైజు చాలే సెట్టింగుల్లోనే ఈ పరీక్ష చేయండి. పొంగుతూండగా చేస్తే రెండు జబ్బులూ కలిసిపోతాయి.

2) మామూలు క్లాక్‌లో ఎఫ్‌పీఎస్ కొలవండి.

3) ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్‌కి మైనస్ 500 పెట్టండి. 7000 ఉన్న కార్డుకి ఇది దాదాపు 7 శాతం తగ్గుదల. మళ్ళీ కొలవండి.

4) మెమరీని మామూలు స్థితికి తెచ్చి, ఈసారి కోర్ క్లాక్‌ని (చిప్ సొంత వేగాన్ని) అదే 7 శాతం తగ్గించండి. మళ్ళీ కొలవండి.

ఫలితం ఇలా చదవండి:

- మెమరీ తగ్గిస్తే ఎఫ్‌పీఎస్ 5 నుంచి 7 శాతం పడింది, కోర్ తగ్గిస్తే పెద్దగా పడలేదు: స్పీడే అడ్డం.
- కోర్ తగ్గిస్తే పడింది, మెమరీ తగ్గిస్తే 1 శాతం అటూ ఇటూ: మెమరీ స్పీడు మీకు సమస్య కాదు.
- రెండింటికీ కొంచెం కొంచెం పడింది: చాలా గేముల్లో వచ్చేది ఇదే. కార్డు సమతూకంగా ఉందని అర్థం.
- దేనికీ పడలేదు: లోటు కార్డుది కాదు. ప్రాసెసర్ వెనకబడి ఉండవచ్చు. జీపీయూ యూసేజ్ 95 శాతానికి కిందే ఆగుతోందేమో చూడండి.

కొన్ని కార్డుల్లో, ముఖ్యంగా కొన్ని రేడియన్లలో, మెమరీ క్లాక్‌ని కిందికి దించనివ్వరు. అప్పుడు కొద్దిగా పెంచి, ఎఫ్‌పీఎస్ ఎంత పెరిగిందో చూడటమే దారి.

ఈ పరీక్షని రెండు రిజల్యూషన్లలో చేయండి. కారణం క్యాష్ (cache), అంటే చిప్ లోపలే ఉండే, చాలా వేగమైన చిన్న మెమరీ. కొత్త కార్డులు సన్నని బస్‌ని చిప్ లోపలి పెద్ద క్యాష్‌తో కప్పిపుచ్చుతాయి. ఆర్‌టీఎక్స్ 3060 టీఐకి సెకనుకు 448 గిగాబైట్లు, 4 మెగాబైట్ల ఎల్2 క్యాష్. 4060 టీఐకి 288 మాత్రమే, కానీ క్యాష్ 32 మెగాబైట్లు. 1080పీలో కావాల్సిన డేటాలో చాలా భాగం ఆ క్యాష్‌లోనే దొరుకుతుంది, కొత్త కార్డు ముందుంటుంది. రిజల్యూషన్ పెరిగే కొద్దీ క్యాష్‌లో దొరికే వాటా తగ్గి, సన్నని బస్ బయటపడుతుంది. 1080పీ రివ్యూ చూసి 4కే మానిటర్‌కి కార్డు కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

7. సైజు చాలకపోతే: ఏది ముందు తగ్గించాలి

వరస ముఖ్యం. అందానికి తక్కువ నష్టం, మెమరీకి ఎక్కువ లాభం ఇచ్చేవి పైన ఉన్నాయి.

1) గేమ్ బయట ఉన్న వాడకం. బ్రౌజర్, కదిలే వాల్‌పేపర్లు, వీడియో రికార్డింగ్, రెండో మానిటర్ అన్నీ కార్డు మెమరీ తింటాయి. 8 జీబీ కార్డు మీద ఇవి మూసేస్తేనే కొందరి సమస్య తీరిపోతుంది.

2) టెక్స్చర్లు అల్ట్రా నుంచి హైకి. ముందే చెప్పుకున్నట్టు సైజు సగమైతే బరువు నాలుగో వంతు. చాలా గేముల్లో ఈ రెండు మెట్ల తేడా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.

3) నీడలు ఒక మెట్టు. 4096 × 4096 షాడో మ్యాప్ ఒక్కటి 64 మెగాబైట్లు. సూర్యకాంతికి నాలుగు పొరలు వాడే గేమ్‌లో అదే 256.

4) రే ట్రేసింగ్ (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి చూపడం). దృశ్యంలోని ఆకారాలకి విడిగా ఒక చెట్టు లాంటి డేటా నిర్మాణం మెమరీలో ఉంచాలి కాబట్టి బరువు గట్టిగానే ఉంటుంది.

5) ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చేర్చడం). ఎఫ్‌పీఎస్ పెంచడానికి ఆన్ చేస్తాం, కానీ దానికీ సొంత బఫర్లు కావాలి. మెమరీ అంచున ఉన్న కార్డులో ఇది ఆన్ చేశాకే కుదుపులు మొదలయ్యాయంటే ఆశ్చర్యం లేదు.

6) అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపడం). డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటివి బఫర్ల బరువు తగ్గిస్తాయి, టెక్స్చర్లని ముట్టుకోవు. అందుకే సైజు సమస్యకి ఇది అనుకున్నంత ఉపయోగపడదు.

వీటితో పాటు ఇవి కూడా చూడండి:

- కార్డు మదర్‌బోర్డులో అన్నింటికన్నా పైనున్న పొడవాటి స్లాట్‌లోనే ఉందా? కింది స్లాట్లలో చాలావాటికి 4 లేన్లే ఉంటాయి.
- జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదాకి లింకు వేగం తగ్గి కనిపించడం మామూలే.
- మామూలు ర్యామ్ 8 జీబీయేనా? పొంగినది అక్కడా పట్టక డిస్క్ మీదికి పోతుంది, కుదుపు ఇంకా పెద్దదవుతుంది. ఇలాంటి చోట కార్డు మార్చడం కంటే ముందు ర్యామ్‌ని 16 జీబీ చేయడం తెలివైన పని.

8. స్పీడు చాలకపోతే

తెర మొత్తాన్ని మళ్ళీ మళ్ళీ చదివి రాసే పనులన్నీ బ్యాండ్‌విడ్త్ తింటాయి. ముందుగా రిజల్యూషన్ తగ్గించండి లేదా అప్‌స్కేలింగ్ ఆన్ చేయండి. సైజు సమస్యకి అంతగా పనిచేయని మందు ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఎంఎస్ఏఏ (ఆకారాల అంచుల్ని నునుపు చేసే సెట్టింగ్) వాడుతుంటే ఆపేయండి. పొగ, దుమ్ము, మంటలు వంటి పారదర్శక ఎఫెక్టులు, యాంబియంట్ అక్లూజన్ (మూలల్లో పడే మెత్తని నీడలు) ఒక మెట్టు దించండి. టెక్స్చర్లు తగ్గిస్తే ఇక్కడ పెద్దగా ఫలితం ఉండదు, వాటిని అలాగే ఉంచుకోండి.

ఆ తర్వాత మెమరీ ఓవర్‌క్లాకింగ్, అంటే మెమరీని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువలో నడపడం. ముందు కార్డు వారంటీ షరతులు చదువుకోండి. ల్యాప్‌టాప్ అయితే వేడి చూసి నిర్ణయించుకోండి.

1) మామూలు క్లాక్‌లో ఏదైనా బెంచ్‌మార్క్ మూడుసార్లు నడిపి స్కోరు రాసుకోండి.

2) ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీకి 100 చొప్పున పెంచుతూ, ప్రతిసారీ స్కోరు రాయండి. కోర్‌ని ముట్టుకోకండి.

3) స్కోరు పెరగడం ఆగిన చోట, లేదా తగ్గడం మొదలైన చోట ఆగండి.

4) అక్కడి నుంచి 200 వెనక్కి రండి.

5) మెమ్‌టెస్ట్ వల్కన్ గానీ ఓసీసీటీలోని వీ-ర్యామ్ (కార్డు మెమరీ) పరీక్ష గానీ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఇంకో 100 దించండి.

6) కొన్ని రోజులు ఏ ఇబ్బందీ లేకుండా ఆడాకే, విండోస్‌తో పాటు మొదలయ్యేలా సేవ్ చేయండి. ముందే చేస్తే, డెస్క్‌టాప్ రాకముందే వేలాడే కంప్యూటర్‌తో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

3వ మెట్టు చాలామందికి వింతగా ఉంటుంది. క్లాక్ పెరిగితే స్కోరు ఎందుకు తగ్గుతుంది? కార్డు మెమరీ లింకుకి తప్పు డేటాని గుర్తుపట్టే ఏర్పాటు ఉంటుంది. తప్పు కనబడితే ఆ డేటాని మళ్ళీ పంపమంటుంది. హద్దు దాటితే మళ్ళీ పంపడాలు ఎక్కువై అసలు పని వెనకబడుతుంది. తెర మీద చుక్కలూ గీతలూ కనిపించవు, గేమ్ ఆగిపోదు, కాబట్టి అంతా బాగుందనుకుంటారు. "ప్లస్ 1500లో కూడా నా కార్డు స్టేబుల్" అనేవాళ్ళలో కొందరి కార్డు ప్లస్ 900లో ఇంకా వేగంగా నడుస్తూ ఉండొచ్చు.

వేడిని హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "మెమరీ జంక్షన్ టెంపరేచర్" దగ్గర చూడండి. అన్ని కార్డులూ దాన్ని చూపించవు. జీడీడీఆర్6ఎక్స్ ఉన్న ఆర్‌టీఎక్స్ 3080, 3090లలో అది 110 డిగ్రీలకి చేరితే కార్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. కోర్ 65 డిగ్రీల్లో చల్లగా ఉండి మెమరీ మాత్రం ఉడికిపోతుండటం ఆ కార్డుల్లో మామూలు. వేడి ఆ హద్దుకి దగ్గరగా ఉంటే ముందు ఫ్యాన్ వేగం, కేస్‌లో గాలి, థర్మల్ ప్యాడ్‌ల సంగతి చూడండి, ఓవర్‌క్లాకింగ్ తర్వాత.

ఎంత లాభం ఆశించవచ్చు? 6వ భాగంలో మెమరీ 7 శాతం తగ్గిస్తే మీ ఎఫ్‌పీఎస్ 3 శాతమే పడితే, 7 శాతం పెంచితే కూడా 3 శాతం దాటి రాదు. ఆ పరీక్షే మీకు ముందుగా జవాబు చెప్పేస్తుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు

- "గేమ్ 11 జీబీ వాడుతోంది, కాబట్టి 8 జీబీలో నడవదు." చాలా గేములు ఖాళీగా ఉన్నంతా ముందే పట్టుకుని పెట్టుకుంటాయి. పట్టుకున్నదీ అవసరమైనదీ ఒకటి కాదు. 5వ భాగంలోని పరీక్షే నమ్మండి.
- "షేర్డ్ మెమరీతో కలిపి నా కార్డుకి 16 జీబీ ఉంది." షేర్డ్ అనేది మామూలు ర్యామ్‌లో సగం వరకు వాడుకోవచ్చని విండోస్ ఇచ్చే హద్దు మాత్రమే. అది కార్డు మెమరీ కాదు.
- "రిజిస్ట్రీలో అంకె మారిస్తే వీ-ర్యామ్ పెరుగుతుంది." విడి కార్డులో మెమరీ సోల్డర్ చేసిన చిప్‌లు. గేముకి కనిపించే అంకె మారొచ్చు గానీ చిప్‌లు పెరగవు.
- రెండు కార్డులు పెట్టి రెండింటి మెమరీ కలుస్తుందనుకోవడం. ఎస్ఎల్ఐలో (రెండు ఎన్విడియా కార్డులని జతచేసే పద్ధతిలో) నడిచే గేములు ఒకే డేటాని రెండింటిలోనూ ఉంచుకునేవి. 8, 8 కలిస్తే 8 జీబీయే.

10. కొత్త కార్డు ఎంచుకునేటప్పుడు

కంపెనీలు సైజుని ఇష్టమొచ్చిన అంకెలో ఎందుకు ఇవ్వవో తెలిస్తే ఎంపిక సులువవుతుంది. ఒక్కో జీడీడీఆర్ చిప్ బస్‌లో 32 బిట్లు తీసుకుంటుంది. 128 బిట్ల బస్ అంటే నాలుగు చిప్‌లు. ఒక్కోటి 2 జీబీ అయితే మొత్తం 8. బోర్డుకి రెండు వైపులా చిప్‌లు పెడితే 16, కానీ బస్ అదే 128. అంటే 4060 టీఐ 8 జీబీ, 16 జీబీ రకాలకి సైజు రెట్టింపు, స్పీడు మాత్రం అదే 288. 192 బిట్లకి 12 జీబీ, 256కి 16 జీబీ సహజంగా వచ్చే అంకెలు. జీడీడీఆర్7లో 3 జీబీ చిప్‌లు కూడా రావడంతో 128 బిట్లకి 12, 256 బిట్లకి 24 సాధ్యమవుతున్నాయి.

గేములకి నా లెక్క ఇది: 1080పీలో టెక్స్చర్లు హై దగ్గర ఆపుకోగలిగితే 8 జీబీతో నెట్టుకురావచ్చు, 1440పీకి 12, 4కేకి 16. కార్డుని నాలుగైదేళ్ళు ఉంచుకునేవాళ్ళు ఒక మెట్టు పైకి వెళ్ళడం మంచిది. సెట్టింగులు తగ్గించి స్పీడు లోటుని సర్దుకోవచ్చు, సైజు లోటుని సర్దుకోవడం కష్టం. కాబట్టి రెండు కార్డుల మధ్య ఊగిసలాడుతూ, చిప్ శక్తి దగ్గరదగ్గరగా ఉంటే నేను పెద్ద మెమరీ వైపే మొగ్గుతాను. చిప్ మరీ చిన్నదైతే ఈ సలహా పనికిరాదు. 16 జీబీ నింపేంత సెట్టింగుల్లో అది ఎలాగూ 25 ఫ్రేములు దాటదు.

కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి:

- అదే పేరుతో వేరే మెమరీ రకం ఉందా?
- కార్డు ఎన్ని లేన్లది, మీ బోర్డు పీసీఐఈ ఏ తరం?
- చూసిన రివ్యూ మీ రిజల్యూషన్‌లోనిదేనా? అందులో 1 శాతం లో ఉందా?

11. సొంత కంప్యూటర్‌లో ఏఐ మోడళ్ళు నడిపేవాళ్ళకి

ఇక్కడ లెక్క గేములకంటే తేలిక. 700 కోట్ల పారామీటర్ల (లోపల దాచుకున్న అంకెల) మోడల్ 16 బిట్లలో 14 జీబీ, 8 బిట్లలో 7, 4 బిట్లలో దాదాపు 3.5. సంభాషణ పెరిగే కొద్దీ దానిపైన ఇంకొంత. పట్టకపోతే మిగతాది ర్యామ్ నుంచి నడుస్తుంది, వేగం పాతాళానికి పడిపోతుంది.

పడితే వేగాన్ని తేల్చేది బ్యాండ్‌విడ్త్. ఇలాంటి మామూలు మోడల్ ఒక్కో టోకెన్ (మాట లేదా మాటలో ముక్క) రాయడానికి దాదాపు మోడల్ మొత్తాన్నీ మెమరీ నుంచి చదవాలి. బ్యాండ్‌విడ్త్‌ని మోడల్ సైజుతో భాగిస్తే పైహద్దు వస్తుంది. 4 జీబీ మోడల్‌కి ఆర్‌టీఎక్స్ 4060 హద్దు 272 ÷ 4, అంటే సెకనుకు 68 టోకెన్లు. పాత 3060 12 జీబీకి 90. నిజంగా వచ్చేది ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా గేముల్లో వెనకబడే పాత కార్డు ఈ పనికి మెరుగు కావడానికి కారణం ఈ భాగహారంలోనే ఉంది.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో "CUDA - Sysmem Fallback Policy" (కార్డు మెమరీ చాలకపోతే మామూలు ర్యామ్ వాడాలా వద్దా) అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఫాల్‌బ్యాక్ వద్దని పెడితే, మెమరీ పొంగినప్పుడు ప్రోగ్రామ్ నత్తనడక నడవకుండా ఎర్రర్ చూపి ఆగుతుంది. మోడల్ పడుతోందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

12. విడి కార్డు లేనివాళ్ళకి

ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి, ర్యామ్ అమరికే దాని మెమరీ స్పీడు. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్ అయితే సెకనుకు 25.6 గిగాబైట్లు, రెండు స్టిక్‌లైతే 51.2. డీడీఆర్5-5600కి రెండు స్టిక్‌లతో 89.6.

- 16 జీబీ ఒక్క స్టిక్ బదులు 8 జీబీవి రెండు పెట్టండి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలోనే.
- బయోస్‌లో ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి. లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133లోనో 2400లోనో నడుస్తుంటుంది.
- బయోస్‌లో గ్రాఫిక్స్‌కి కేటాయించే మెమరీ పెంచితే ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు. గేమ్ "మెమరీ చాలదు" అని తెరుచుకోకపోతేనే దాన్ని ముట్టుకోండి.
- మార్చాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడు, వాడిన స్లాట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, 4వ భాగంలో చెప్పినట్టే మళ్ళీ కొలవండి.